రెండో అరలో ట్యూబు

ఆదివారం, ఉదయం

మాస్టారు పోయారు. నిన్న సాయంత్రం ఆరూ నలభైకి. మా ఆసుపత్రిలోనే, నా ల్యాబుకి సరిగ్గా రెండంతస్తుల పైన.

రాస్తేనైనా నమ్ముతానేమోనని రాశాను. నమ్మబుద్ధి కావడం లేదు.

ఇరవై ఆరేళ్ళ కిందట ట్రైనింగ్ కాలేజీలో నా చేతికి సిరంజి ఇచ్చింది ఆయనే. "సూదిని చూసి భయపడాల్సింది పేషెంటు, నువ్వు కాదు" అని అందరి ముందూ నన్ను ఏడిపించిందీ ఆయనే. ఇవాళ బ్లడ్ బ్యాంకు ఇన్‌ఛార్జినని మెడలో కార్డు వేలాడేసుకుని తిరుగుతున్నానంటే ఆయన చలవ.

కడుపులో పుండు పగిలి శుక్రవారం చేరారు. శనివారం పొద్దుటికల్లా రక్తం కారడం ఆగింది. రెండు బ్యాగుల రక్తం ఎక్కించి సోమవారం ఇంటికి పంపుతామన్నారు. మధ్యాహ్నం మూడింటికి మొదటి బ్యాగు పెట్టారు. అందులో సగం కూడా పోకముందే వణుకు, నడుము నొప్పి, ఆయాసం. రక్తం ఆపేసి ఏవేవో చేశారు. డ్యూటీ డాక్టరు 'గుండె ఆగింది' అని రాశాడు. డెబ్బై నాలుగేళ్ళ గుండె, ఆగదా మరి.

శాంపిల్ తీసింది నేనే. ఆయన నేర్పినట్టే తీశాను.

మా ఆయన టీ తెచ్చి పెట్టి, "ఏడిస్తే ఏడువు, తేలికవుతుంది" అన్నారు. ఏడుపు రావడం లేదు. భయమేస్తోంది. ఎందుకు భయమని అడిగారు. తెలియదన్నాను.

సోమవారం

ల్యాబులో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. గడియారం మాత్రం వచ్చీ రాగానే నా బల్ల మీద తల ఆనించి ఏడ్చేశాడు. గడియారం నా క్లాస్‌మేటు, ఇప్పుడు నా కింద సీనియర్ టెక్నీషియను. ఒక్క నిమిషం ముందు రాడు, ఒక్క నిమిషం తర్వాత పోడు, అందుకని మాస్టారే పెట్టిన పేరు. బట్టతల వచ్చినా పేరు మాత్రం పోలేదు.

"మాస్టారి శాంపిల్ గ్రూపు చూసింది నేనే. ఆయన రక్తం నా చేతుల్లోంచే వెళ్ళింది చూడు" అన్నాడు ముక్కు చీదుకుంటూ.

ఊఁ అన్నాను.

రక్తం ఎక్కిస్తుండగా పేషెంటుకి తేడా చేస్తే మిగిలిన బ్యాగు, దానితోపాటు ఒక ఫారమూ కిందికి, మా దగ్గరికి రావాలి. మాస్టారి బ్యాగు రాలేదు. హడావుడిలో పారేసి ఉంటారు. నేను పైకి ఫోను చేసి అడగాలి. అడగలేదు. డాక్టర్లకి లేని అనుమానం నాకెందుకు?

రక్తం ఎక్కించిన వాళ్ళ శాంపిల్ ట్యూబులు మేం ఏడు రోజులు ఫ్రిజ్‌లో దాస్తాం. ఏదైనా తగాదా వస్తే మళ్ళీ చూడటానికి. ఏడు రోజులయ్యాక అటెండరు ఎర్ర సంచిలో వేసుకుని పట్టుకుపోతాడు. శనివారంవి రెండో అరలో ఉంటాయి. వచ్చే శనివారం పదకొండింటికి పోతాయి.

ఇవాళ ఫ్రిజ్ పదిసార్లు తెరిచి ఉంటాను. రెండో అర వైపు చూడలేదు.

మంగళవారం, ఉదయం

బుధవారం ట్రైనింగ్ కాలేజీలో సంతాప సభ. గడియారం కార్యదర్శి, ఖజాంచి, కుర్చీలు వేయించేవాడు, అన్నీ వాడే. నన్ను మాట్లాడమన్నాడు. "నీ రికార్డు పుస్తకం పట్టుకురా. ఆయన సంతకాలుంటాయి, గాజుపెట్టెలో పెడదాం" అన్నాడు.

పుస్తకం అటక మీద ఉంది. ఎక్కడానికి స్టూలు లేదు.

మంగళవారం, సాయంత్రం

స్టూలు ఉంది.

మొదటి పేజీలోనే ఉంది. మొదటి ప్రాక్టికలు. ఆ రోజు మాస్టారు తన వేలే గుచ్చుకుని, తెల్లటి పలక మీద రెండు చోట్ల రక్తపు చుక్కలు వేసి, మా ముందు పెట్టారు. ఒక దాని మీద నీలం మందు, ఒక దాని మీద పసుపు మందు. నీలంలో రక్తం రవ్వలు రవ్వలుగా విడిపోతే ఎ. పసుపులో విడిపోతే బి. నా గుండ్రటి చేతిరాత: "నీలం: మార్పు లేదు. పసుపు: రవ్వలు. మాస్టారిది బి గ్రూపు." పక్కన ఎర్ర సిరాతో ఆయన టిక్కు.

ల్యాబు రిజిస్టర్లో శనివారం మాస్టారి పేరు ఎదురుగా ఎ అని ఉంది. ఎ బ్యాగే పైకి వెళ్ళింది.

స్టూలు మీదే కూర్చుండిపోయాను. తర్వాత ఆలోచించాను. పద్దెనిమిదేళ్ళ పిల్లని, అదే మొదటిసారి చూడటం, తప్పుగా చూసి ఉంటాను. చూసి ఉంటాను. అయితే ఆయనెందుకు టిక్కు పెట్టారు? ఏదో ధ్యాసలో పెట్టి ఉంటారు.

మాస్టారు ధ్యాస లేకుండా టిక్కు పెట్టడమా? ఎవరైనా వింటే నవ్విపోతారు.

సరే. ఇది నా పుస్తకం, ఎవరూ చదవరు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

శనివారం పదింటికి వార్డు నుంచి రెండు శాంపిళ్ళు తీయాలని ఫోను వచ్చింది. మామూలుగా నేను పైకి వెళ్ళను. మాస్టారని తెలిసి నేనే వెళ్ళాను. నన్ను చూసి ఆయన మొహం చాటంత అయింది. పక్క మంచం మీదాయనకి, కాలు విరిగి పడుకున్న ఒక టైలరుకి, "నా స్టూడెంటండీ, ఈ ఆసుపత్రి రక్తమంతా దీని చేతిలోదే" అని గొప్పగా చెప్పారు. తర్వాత చెయ్యి చాపి, "పేరడగవేంటమ్మాయ్?" అన్నారు.

ఆయన నేర్పిన మొదటి పాఠం అదే. పేషెంటు నోటితో పేరు చెప్పించాలి. చెప్పిన పేరు మంచం పక్కనే నిలబడి ట్యూబు మీద రాయాలి. పేరు లేని ట్యూబు ఒక్క అడుగు కదలకూడదు. కదిలిన ట్యూబులు ఆయన క్లాసులో చెత్తబుట్టలోకి వెళ్ళేవి, మార్కుల కింద గుండుసున్నా.

నేను నవ్వాను. "మీ పేరు మిమ్మల్నే అడగాలా మాస్టారూ? నాకు నోరెలా వస్తుంది?" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూశారు. తర్వాత ఆయనా నవ్వేశారు. "సరే, కానీయ్" అన్నారు.

రక్తం తీశాను. ఈలోపు పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ట్యూబు కోటు జేబులో వేసుకున్నాను. పలకరింపులయ్యాక పక్క మంచానికి తిరిగి టైలరుకి తీశాను. "నేను కొలతలు తీసేవాణ్ణి, మీరు రక్తం తీసేవాళ్ళు. నా కొలత తప్పితే మళ్ళీ కుడతాను, అంతే" అని ఆయన జోకు. ఆ ట్యూబూ అదే జేబులో. రెండూ ఒకే రకం, ఒకే మూత. పేర్లు మాత్రం నర్సుల కౌంటరు దగ్గర రాశాను. మాస్టారిది కుడివైపున ఉందనుకున్నాను.

అనుకున్నాను.

బుధవారం

సభ అయింది. రెండొందల మంది వచ్చారు. అందరూ ఏదో ఒక ఆసుపత్రిలో ఏదో ఒక ల్యాబులో సూదులు పట్టుకునేవాళ్ళే.

నేను పది నిమిషాలు మాట్లాడాను. మాస్టారి జాగ్రత్త గురించి మాట్లాడాను. చెత్తబుట్టలోకి వెళ్ళిన ట్యూబుల కథ చెబితే అందరూ నవ్వారు. ఆఖరున, "ఈ రోజుకీ పేరు రాయని ట్యూబు చేతిలో ఉంటే నేను మంచం పక్కనుంచి కదలను. అదే ఆయనకి నేనిచ్చే గురుదక్షిణ" అన్నాను. ఎవరు అనమన్నారు నన్ను? నోరు దానంతటదే అనేసింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. దిగి వస్తుంటే మెట్టు తప్పాను. దుఃఖమనుకుని ఇద్దరు పట్టుకున్నారు.

రికార్డు పుస్తకం దొరకలేదని చెప్పాను.

పిన్నిగారు నన్ను దగ్గరికి పిలిచి, "శుక్రవారం సాయంత్రం ఒకసారి ఇంటికి రామ్మా. నీతో ఒక మాట చెప్పాలి" అన్నారు. ఏ మాట? ఆవిడకి ఏం తెలుసు?

గురువారం

పొద్దున్నే గడియారం ఒక కాగితం పట్టుకొచ్చాడు.

ఆ టైలరు ఆపరేషను షుగరు ఎక్కువుందని సోమవారం నుంచి శనివారానికి వాయిదా పడింది. పాత శాంపిల్ మూడు రోజులకి మించి పనికిరాదు కాబట్టి కొత్తది తెప్పించారు. కొత్తదాంట్లో ఎ వచ్చింది. శనివారం నేను తీసినదాంట్లో బి.

"వార్డులో ఆ నర్సు ఎవరిదో తీసి ఈయన పేరు రాసి పంపింది. ఫోను చేసి దులిపేశాను. నువ్వు తీసిందే ఖాయం చేసి బి బ్యాగులు పక్కన పెడుతున్నా" అన్నాడు.

మనిషిది ఒక గ్రూపయితే ఇంకో గ్రూపు ఎక్కిస్తే ఏమవుతుందో వాడికి తెలుసు, నాకూ తెలుసు. కానీ వాడికి నా మీద గురి. ఇరవై ఆరేళ్ళుగా నేను తప్పు చెయ్యలేదు కాబట్టి ఇప్పుడూ చెయ్యలేదని వాడి లెక్క.

"తొందరపడకు. రేపు నేనే ఇంకోసారి తీసి చూస్తాను" అన్నాను.

"నీ చాదస్తం మాస్టారి చాదస్తాన్ని మించిపోతోంది మహాతల్లీ" అని నవ్వుకుంటూ పోయాడు.

ఇంకేం అనుమానం మిగల్లేదు. జేబులో రెండు ట్యూబులు తారుమారయ్యాయి. టైలరు రక్తం మాస్టారి పేరుతో కిందికి వచ్చింది. మాస్టారిది టైలరు పేరుతో వచ్చింది. నేను రాసిన పేర్ల ప్రకారం మాస్టారికి ఎ ఎక్కించారు.

ఈ వారమంతా రెండో అర వంక చూడకుండా తప్పించుకున్నదాన్ని, పక్క మంచం మీద ఇంకొకడు ఉన్నాడని ఎందుకు తలుచుకోలేదు? నా భయమంతా నా గురించే. ఛీ.

శుక్రవారం, మధ్యాహ్నం

పని అయిపోయింది. పొద్దున్నే పైకి వెళ్ళాను. టైలరు నోటితో పేరు చెప్పించాను, రెండుసార్లు. "శనివారం అడగలేదుగా, ఇవాళేంటి కొత్తగా?" అన్నాడాయన. రూలు మారిందన్నాను. మంచం పక్కనే రాశాను. కిందికి వచ్చి నేనే చూశాను. ఎ.

రిజిస్టర్లో పాత బి కొట్టేసి, "రాతలో పొరపాటు, సరిచేయడమైనది" అని రాసి సంతకం పెట్టాను. ఎ బ్యాగులు పక్కన పెట్టించాను. రేపు ఆయన ఆపరేషను నిశ్చింతగా జరుగుతుంది. నర్సు మీద గడియారం ఫిర్యాదు పంపకుండా ఆపాను. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

రేపు పదకొండింటికి ట్యూబులు పోతాయి. పోయిన మనిషి ఎలాగూ తిరిగి రారు. నేను చెప్పినంత మాత్రాన ఎవరికి లాభం? పిన్నిగారికా? ఆవిడ ఇప్పుడిప్పుడే కాస్త కుదుటపడుతున్నారు. ఆవిడని మళ్ళీ రంపపు కోత పెట్టడం తప్ప ఏముంది? ఇందులో నా స్వార్థం ఏమీ లేదు.

ఇప్పుడు కొంచెం నయంగా ఉంది. అన్నం తిన్నాను.

శుక్రవారం, సాయంత్రం

పిన్నిగారి దగ్గర్నుంచి ఇప్పుడే వచ్చాను. మరిచిపోకముందే రాయాలి. మరిచిపోతానా?

ఆవిడ ఒక్కరే ఉన్నారు. మాస్టారి పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. నాకు కుర్చీ జరిపి, తను మంచం అంచున కూర్చుని కాసేపు కొంగు మడతలు పెట్టారు.

"చెప్పాలా వద్దా అని వారం నుంచీ తన్నుకులాడుతున్నానమ్మా. నువ్వు బాధపడతావు. కానీ సభలో నువ్వు మాట్లాడిన మాటలు విన్నాక దాచబుద్ధి కాలేదు. ఆఖరి గంటల్లో మీ మాస్టారికి మతి చెదిరింది."

మడత పెట్టిన కొంగు విప్పి ఆవిడే మళ్ళీ మొదలుపెట్టారు.

"వణుకు మొదలవ్వగానే 'ఆపండి, ఇది నాది కాదు, నాది బి' అని ఒకటే గోల. పాపం ఆ డాక్టరు రిపోర్టు తెచ్చి చూపించాడు. దాంట్లో ఎ, బ్యాగు మీద ఎ, పేరు సరిగ్గానే ఉంది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఈయన వింటేనా? 'పక్కాయనకి ఎక్కించొద్దు, ల్యాబుకి చెప్పండి' అని ఆ టైలరు వంక వేలు చూపిస్తారు. ప్రాణం మీదికి వస్తే పక్కాయన గొడవ ఎందుకు చెప్పు?"

చేతికందిన పుస్తకం పెట్టెలో పెట్టి మళ్ళీ అందుకున్నారు.

"డాక్టరు ఓపిగ్గానే అడిగాడు. 'మీ రక్తం ఎవరు తీశారు మాస్టారూ? చెప్పండి, ఇప్పుడే పిలిపిస్తాను' అన్నాడు. ఈయన కాసేపు ఊరుకుని, 'గుర్తులేదు' అన్నారు. గుర్తులేదట! పొద్దున్న నువ్వు వెళ్ళాక గంటసేపు నీ గొప్పలు చెప్పి నా చెవులు తినేసిన మనిషి. నిన్నే మరిచిపోయారంటే ఇంక ఈ లోకంలో లేరనే కదా. డాక్టరు నా వంక చూసి తల ఆడించాడు. 'రక్తం తీసిన మనిషి గుర్తులేదు కానీ గ్రూపు గుర్తుందట' అన్నాడు నర్సుతో. నాకూ అర్థమైపోయింది."

తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మనసులో పెట్టుకోకు. జబ్బు మనిషి మాట. నువ్వంటే ఆయనకి ప్రాణం" అన్నారు.

ఏదో పని ఉందని లేచి వచ్చేశాను. మెట్లు ఎలా దిగానో తెలియదు.

ఆయన మరిచిపోలేదు. నేను పేరడగకపోవడం చూశారు, ట్యూబు జేబులో వేసుకోవడం చూశారు. వణుకు మొదలైన ఆ నిమిషంలోనే జరిగిందంతా ఆయనకి అర్థమైంది. తన సంగతీ అర్థమైంది, టైలరు సంగతీ అర్థమైంది, నా సంగతీ అర్థమైంది. టైలరుని కాపాడటానికి అంతా చెప్పారు. నన్ను కాపాడటానికి ఒక్క మాట దాచారు. ఆ ఒక్క మాట దాచడంతో మిగతావన్నీ పిచ్చి మాటలైపోయాయి. నా పేరు చెప్పి ఉంటే నన్ను పిలిచేవారు. మాస్టారు బి అంటే నేను నమ్మేదాన్ని. నమ్మేదాన్ని కదా?

ఆసుపత్రి మొత్తంలో ఆ రోజు మతి సరిగ్గా ఉన్నది ఆయనొక్కరికే. ఆయన్నే మతి పోయిందన్నారు. కట్టుకున్న మనిషి కూడా అదే నమ్మి, నన్ను ఓదారుస్తోంది.

రేపు ట్యూబులు పోతే ఆయన మతి పోయినవాడిగానే మిగిలిపోతారు. నేను రేపు సెలవు పెడదామనుకుంటున్నాను. జ్వరంగా ఉంది. నిజంగానే ఒళ్ళు కాలుతోంది. మా ఆయన చెయ్యి పెట్టి చూసి లేదన్నారు.

శనివారం

సెలవు పెట్టలేదు.

పదింపావుకి రెండో అర తెరిచాను. రెండు ట్యూబులూ పక్కపక్కనే ఉన్నాయి, నా చేతిరాతతో. గడియారాన్ని పిలిచి, "కూర్చో, నేను చేసేది చూడు. మాట్లాడకు" అన్నాను. మొదటి చుక్క పలక బయట పడింది. వాడే నా మణికట్టు పట్టుకున్నాడు.

మాస్టారి పేరున్న ట్యూబు: నీలంలో రవ్వలు. టైలరు పేరున్నది: పసుపులో రవ్వలు. పక్కన నిన్న తీసిన టైలరు అసలు శాంపిల్: నీలంలో రవ్వలు. ఆ పక్కన రికార్డు పుస్తకం మొదటి పేజీ తెరిచి పెట్టాను.

వాడు పలక వంకా, పుస్తకం వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

"నీకు" అన్నాను. పిన్నిగారు చెప్పిందంతా కూడా చెప్పాను.

వాడు లేచి తలుపు దగ్గరగా వెయ్యబోయి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "పది నలభై అయింది. ఇంకో ఇరవై నిమిషాల్లో అటెండరు వస్తాడు. వాణ్ణి తీసుకుపోనీ. నేను చూడలేదు, నువ్వు చూడలేదు. నీ ఉద్యోగం పోతుంది, కేసవుతుంది, నీ ఇల్లేం కావాలి? మాస్టారే నీ పేరు చెప్పలేదంటున్నావు. ఆయన చెప్పనిది నువ్వెందుకు చెప్పడం?"

నిజానికి ఆ మాట కోసమే వాణ్ణి పిలిచానేమో. వాడు అనాలనీ, నేను సరేననాలనీ. వాడి నోట విన్నాక మాత్రం అనలేకపోయాను. ఆయన ప్రేమని సాకు చేసుకుని ఆయన్నే పిచ్చివాణ్ణి చేస్తామా?

"ట్యూబులు ఆపు. కాగితం ఇవ్వు, రాస్తాను" అన్నాను. వాడు తిట్టాడు. ఏడ్చాడు. తర్వాత సాక్షి సంతకం పెట్టాడు, టైము వేసి మరీ.

సూపరింటెండెంటు గారు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. సోమవారం నుంచి డ్యూటీకి రావద్దన్నారు. విచారణ అయ్యేదాకా మాస్టారి కుటుంబంతో ఒక్క ముక్క మాట్లాడొద్దన్నారు. "మీ మంచికే చెప్తున్నానమ్మా" అన్నారు. సరేనని తల ఊపాను.

టైలరు ఆపరేషను బాగా జరిగిందట. ఒక బ్యాగు ఎక్కించారట.

మా ఆయనకి చెప్పాను. "పిన్నిగారి దగ్గరికి నేనూ రానా?" అన్నారు. వద్దన్నాను.

ఆదివారం

చెప్పాను.

అన్నీ చెప్పాను. పేరడగకపోవడం, జేబు, కౌంటరు, రెండో అర, సభలో నా ఉపన్యాసం. ఆవిడ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నన్ను తిడతారని, చెంప పగలగొడతారని, కేకలు వేసి నలుగురినీ పిలుస్తారని దారి పొడవునా భయపడుతూ వెళ్ళాను. ఆవిడ ఏమీ చెయ్యలేదు. అట్టపెట్టె మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డారు.

"అంటే ఆయనకి మతి పోలేదన్నమాట" అన్నారు.

"లేదు పిన్నిగారూ."

"అన్నీ నిజాలే చెప్పారన్నమాట."

"ఒక్కటి తప్ప."

ఆవిడ మెల్లగా మంచం మీద కూర్చున్నారు. "గుర్తులేదు అన్నప్పుడు నేను 'అదేంటండీ' అనబోయాను. నీ పేరు నోటిదాకా వచ్చింది. నా చెయ్యి గట్టిగా నొక్కేశారు. నొప్పికి అలా పట్టుకున్నారనుకున్నాను." ఆవిడ తన మణికట్టు వంక చూసుకున్నారు. "అప్పుడు నేనేమన్నానో తెలుసా? 'పిచ్చి మాటలు కట్టిపెట్టి కళ్ళు మూసుకోండి' అన్నాను. కసిరాను. ఆయన మూసుకున్నారు. ఇంక మాట్లాడలేదు."

ఇది నేను అనుకోలేదు. నేను ఏమేం భరించాలో అన్నిటికీ సిద్ధపడి వెళ్ళాను. ఆవిడ మీద ఏం పడుతుందో మాత్రం ఆలోచించలేదు.

"నేను ఆ రోజు నీ పేరు చెప్పి ఉంటే, నిన్ను పిలిచి ఉంటే, బతికేవారా?" అన్నారు.

సూటిగా నా కళ్ళలోకి చూస్తున్నారు. లేదు అనడం ఎంత తేలిక. అప్పటికే చెయ్యి దాటిపోయిందని చెబితే నమ్ముతారు, నేను చెప్పింది ఏదైనా నమ్ముతారు. ఆవిడకి కాస్త ఊపిరి ఆడుతుంది. నాకూ ఆడుతుంది. వారం నుంచీ పడ్డ భయాలన్నీ ఈ భయం ముందు ఎందుకూ కొరగావు.

"బతికి ఉండేవారేమో పిన్నిగారూ" అన్నాను. "అప్పటికి సగం బ్యాగు కూడా పోలేదు. సంగతి తెలిసి ఉంటే చెయ్యాల్సిన వైద్యం వేరు. కానీ తప్పు నాది. మీది కాదు."

రెండో మాట ఆవిడ విన్నట్టు లేదు. తల ఊపారు. ఊపుతూనే ఉన్నారు. కాసేపటికి, "ఇంక వెళ్ళమ్మా" అన్నారు. కోపంగా అనలేదు.

నేను బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను. రెండు మెట్లు దిగానో లేదో లోపల్నుంచి ఆవిడ గొంతు వినపడింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆయనతో మాట్లాడుతున్నారు. ఏమంటున్నారో ఆగి వినడానికి నాకు ధైర్యం చాల్లేదు.